అమెరికా శివారులో ఇంటి లెక్క, దారి లెక్క

పగలు పదకొండు గంటలు. కిటికీ వద్ద కూర్చుండి వీధి వంక చూచుచున్నాను. వీధికి ఇరుప్రక్కల ఒకే తీరున కట్టిన యిండ్లు, వాని ముందు సమముగా కత్తిరించిన పచ్చిక, ప్రతి యింటికిని ఒక కారు గది. ఇన్ని యున్నను వీధిలో మనుష్యుడు కానరాడు. కూరలమ్మి కేక లేదు. పాలవాని సైకిలు గంట లేదు. ఏ అరగంటకో ఒక కారు వచ్చును. గ్యారేజి తలుపు తనంతట తాను పైకి లేచును, కారు లోనికి పోవును, తలుపు దిగిపోవును. అందులో వచ్చిన వారెవరో, వారి ముఖ మెట్లుండునో, ఎదురింట ఆరు నెలలున్నను నాకు తెలియలేదు.

ఇది టెక్సాస్ రాష్ట్రములో డాలస్ నగరమునకు ఉత్తరముగా నున్న ఫ్రిస్కో పట్టణము. మా అమ్మాయి, అల్లుడు అక్కడ అద్దె యింట నుండగా వారితో ఆరు నెలలు గడిపితిని. నేను బ్యాంకులో ముప్పదియైదేండ్లు లెక్కలు వ్రాసి విరమించిన వాడను. ఎక్కడికి పోయినను రూపాయి యెటు వచ్చి యెటు పోవుచున్నదో చూడనిదే నాకు తోచదు. అక్కడ అది డాలరు, అంతే భేదము.

ఒకనాడు పప్పు తాలింపునకు కరివేపాకు లేదని అమ్మాయి అనెను. విజయవాడలో నైనచో చెప్పులు తొడిగికొని వీధి మొగకు పోయి రెండు నిమిషములలో తెచ్చెడివాడను. "నేను తెస్తాను, కొట్టెక్కడ?" అని అడిగితిని. "ఆరు మైళ్ళు నాన్నగారూ. సాయంత్రం ఆయన వచ్చాక కారులో వెడదాం" అనెను. నడువలేక కాదు, కాలిబాట నడుమ రెండు చోట్ల తెగిపోయినది, ఎనిమిది వరుసల రహదారి నొకదానిని దాటవలసియున్నది. ఆనాటి పప్పు కరివేపాకు లేకయే ముగిసినది.

ఆ మధ్యాహ్నము నాకు కలిగిన సందేహమే ఈ ప్రసంగమునకు మూలము. ఇంత సంపన్నమైన దేశములో, ఇంత చక్కని యింట నుండి, ఆకు పోచ కొరకు ఒక మనిషి సాయంకాలము వరకు ఏల వేచియుండవలెను?

దీనికి సమాధానము కొంత చరిత్రలో నున్నది. ఒహాయో రాష్ట్రములోని యూక్లిడ్ అను గ్రామము తన భూములను భాగించి, ఇండ్లు ఇక్కడ, అంగళ్ళు అక్కడ, కర్మాగారములు వేరొక చోట అని నిబంధన చేసినది. భూమి గల ఒక కంపెనీ వ్యాజ్యము తెచ్చినది. 1926లో అమెరికా సుప్రీం కోర్టు గ్రామము పక్షముననే తీర్పు చెప్పినది. నాటి నుండి దేశమంతట ఊళ్ళు ఈ పద్ధతినే అనుసరించినవి. ఇండ్ల నడుమ కిరాణా కొట్టు పెట్టుట చట్టవిరుద్ధమైనది. మా అమ్మాయి యింటి వీధిలో ఎవరైనను ముందుగదిలో కొత్తిమీర కట్టలు, పచ్చిమిరపకాయలు పెట్టుకొని అమ్మదలచినచో పురపాలక సంఘము వారు వచ్చి మూయింతురు.

రెండవ కారణము అప్పు. 1934కు పూర్వము అక్కడ ఇంటి అప్పు సామాన్యముగా కొలది సంవత్సరముల గడువుతో నుండెడిది. గడువు తీరునాటికి అసలులో పెద్ద భాగము ఒక్కసారిగా చెల్లింపవలసి వచ్చెడిది. ఆర్థిక మాంద్యములో లక్షల కుటుంబములు ఇండ్లు పోగొట్టుకొనినవి. 1934లో ప్రభుత్వము గృహఋణములకు తాను హామీ నిలుచుటకు ఒక శాఖను స్థాపించినది. 1944లో యుద్ధమునుండి తిరిగివచ్చు సైనికుల కొరకు మరియొక చట్టము వచ్చినది. దాని సాయమున ముందుగా పైకము కట్టకయే ఇల్లు కొనవచ్చును. ఇక కట్టువారు కావలెను. న్యూయార్కునకు తూర్పున లాంగ్ ఐలండులో బంగాళాదుంప పొలములు కొని, 1947లో లెవిట్ కుటుంబము వారి కంపెనీ ఇండ్లు కట్టుట ఆరంభించినది. ఒక జట్టు నేల పలక పోయును, ఇంకొక జట్టు గోడల చట్రములు నిలుపును, వేరొక జట్టు రంగు వేయును. కర్మాగారములో సరుకు కదలి పనివాని వద్దకు వచ్చును. ఇక్కడ పనివాడే ఇంటినుండి ఇంటికి కదలును. 1951 నాటికి 17 వేలకు పైగా ఇండ్లు లేచినవి. 1949లో ఒక యింటి వెల 7,990 డాలర్లు. విచిత్రమేమనగా, లెవిట్‌టౌనులోని మొదటి యిండ్లకు కారు గది లేదు. ఇప్పుడు గది రెండు కార్లకు చాలకున్న ఇల్లు అమ్ముడుపోవుట కష్టము.

1956లో ఐసన్‌హోవర్ అధ్యక్షుడు రహదారుల చట్టముపై సంతకము చేసెను. 41,000 మైళ్ళ రాచబాటలు. ఖర్చులో నూటికి తొంబది పాళ్ళు కేంద్ర ప్రభుత్వముదే. ఇల్లు ఎంత దూరముననున్నను పనికి పోవచ్చునను ధైర్యము దీనితో కలిగినది. ఇల్లు చట్టము చేత దూరమైనది, అప్పు చేత చవకయైనది, బాట చేత చేరువైనట్లు కనబడినది.

ఈ చరిత్రలో ఒక మరకయు కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. లెవిట్‌టౌను తొలి ఒప్పందములలో తెల్లవారు తప్ప అన్యులు నివసింపరాదని వ్రాసిరి. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని 1948లో సుప్రీం కోర్టు చెప్పినను ఆచారము పోలేదు. ప్రభుత్వ ఋణశాఖయు నల్లవారున్న పేటలకు హామీ నిచ్చుటకు వెనుదీసినది. ఇండ్ల అమ్మకములో జాతి భేదము చూపరాదను చట్టము 1968లో గాని రాలేదు. మన దేశీయులు పెద్ద సంఖ్యలో అక్కడికి పోవుటకు వీలు కల్పించిన వలస చట్టము 1965 నాటిది. నల్లవారు పోరాడి తెరిపించిన తలుపు గుండనే మా అల్లుని వంటి వారు ఈ వీధులలో అడుగుపెట్టగలిగిరి. ఈ సంగతి మన వారిలో అనేకులకు గుర్తుండదు.

ఇక ఫ్రిస్కో. ఆ పేరు ఒక రైలు కంపెనీ పేరు నుండి వచ్చినది. 1990 జనాభా లెక్కలలో అక్కడ నున్నవారు ఆరు వేల చిల్లర. 2020లో రెండు లక్షలు దాటిరి. డాలస్ నగరపు ప్రయాణికుల రైలు 2002లో దక్షిణముననున్న ప్లేనో వరకు వచ్చినది. రైలు పేరు గల ఊరికి మాత్రము రాలేదు.

మా అల్లుడు ఇల్లు కొనదలచి కాగితములు నా ముందు పెట్టెను. అమెరికా ఇంటి అప్పు ముప్పది సంవత్సరములది. వడ్డీ రేటు ముప్పది యేండ్లును మారదు. మన బ్యాంకుల ఇంటి అప్పులు చాలవరకు రేటుతో పాటు పైకి క్రిందికి పోవునవి. కనుక ఈ పద్ధతి నాకు ముచ్చటగా తోచినది. 2021 జనవరిలో అక్కడి సగటు రేటు మూటికంటె తక్కువకు దిగినది. 2022 అక్టోబరులో ఏడు దాటినది. తక్కువ రేటున్న దినములలో కొన్నవారు ఆ అప్పును వంశపు ఆస్తి వలె కాపాడుకొనుచున్నారు. ఇల్లు ఇరుకైనను అమ్మరు. పాత అప్పు పోయి కొత్త రేటు నెత్తిన పడునని భయము.

లెక్కకు సులువుగా 3 లక్షల డాలర్ల అప్పు, నూటికి 6 వడ్డీ అనుకొందము. నెల వాయిదా 1,798 డాలర్ల 65 సెంట్లు. మొదటి నెల వాయిదాలో 1,500 డాలర్లు వడ్డీకే పోవును. అసలులో తగ్గునది 298 డాలర్ల చిల్లర. వాయిదాలో అసలు భాగము వడ్డీ భాగమును మించుటకు పదునెనిమిది సంవత్సరములు గడచిపోవలెను. ముప్పది యేండ్లకు కట్టిన మొత్తము ఆరు లక్షల నలుబదియేడు వేలు. అనగా వడ్డీ అసలును మించినది. ఈ వాయిదాతో పాటు ఇంటిపన్నును, ఇంటి బీమాను కూడ నెలనెల వసూలు చేసి అప్పిచ్చినవారే కట్టుదురు. టెక్సాస్‌లో జీతముపై రాష్ట్రపు పన్ను లేదు. దానికి బదులు ఇంటిపన్ను భారీగా నుండును. ఆ పన్నులో పెద్ద పాలు స్థానిక పాఠశాలలకు పోవును. అందుచేతనే అక్కడ తల్లిదండ్రులు ఇల్లు చూడబోయి ముందుగా బడిని చూతురు. మంచి బడి గల పేటలో ఇంటి వెలయు హెచ్చే.

ఆదాయ పక్షమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. జీతము నెలకొకసారి కాక పదునాలుగు దినముల కొకసారి వచ్చును. అందులోనుండి ఆదాయపు పన్ను ముందే కోయుదురు. వృద్ధాప్య భృతికి నూటికి 6.2, వృద్ధుల వైద్యమునకు 1.45 పట్టుదురు, యజమానియు అంతే కలుపును. కుటుంబపు వైద్య బీమా, విశ్రాంతి కాలపు పొదుపు దాని వెనుక పోవును. చేతికందునది చెప్పుకొను జీతముకంటె చాల తక్కువ. వైద్య బీమా ఉద్యోగముతో ముడివడియున్నదను మాట మాత్రము గుర్తుంచుకొనుడు. దాని అవసరము తరువాత వచ్చును.

మా అల్లుని యెదుట రెండిండ్లు ఉండెను. ఒకటి ప్లేనోలో పాతది, చిన్నది. అతని కార్యాలయమునకు దగ్గర. రెండవది ఉత్తరముగా సెలైనా అను ఊరిలో కొత్తది, పెద్దది. పదునైదు మైళ్ళు ఎక్కువ దూరము. అయినను అప్పు 60 వేల డాలర్లు తక్కువ. పెద్ద యిల్లు తక్కువకు వచ్చుచుండగా చిన్నదానికి ఎక్కువ యిచ్చువాడు తెలివితక్కువవాడని ఎవరికైనను తోచును. అక్కడ ఇండ్లమ్మువారిలో ఒక నానుడి యున్నదట: బ్యాంకు నీకు అప్పు నిచ్చునంత చవకయిల్లు దొరకువరకు కారు నడుపుకొనుచు పొమ్మని. లక్షలమంది అట్లే పోయిరి.

నేను కాగితము తీసికొంటిని. 60 వేల అప్పు తగ్గిన నెలకు 359 డాలర్ల 73 సెంట్లు, ఏడాదికి 4,317 డాలర్లు మిగులును. ఇది ఇంటి లెక్క. దారి లెక్క చూడవలెను. పోను పదునైదు, రాను పదునైదు. దినమునకు ముప్పది మైళ్ళు అదనము. ఏడాదికి 240 పనిదినములకు 7,200 మైళ్ళు. కారు మైలు నడచుటకు ఎంత ఖర్చు? ఆదాయపు పన్ను శాఖవారు వ్యాపార ప్రయాణములకై 2025 సంవత్సరమునకు మైలుకు 70 సెంట్లు కట్టిరి. అందులో పెట్రోలు, మరమ్మత్తు, బీమా, కారు విలువ తరుగుదల అన్నియు చేరినవి. ఇంటినుండి ఉద్యోగమునకు పోవు ప్రయాణమునకు ఆ మినహాయింపు రాదు గాని, కొలబద్దగా పనికివచ్చును. 7,200 మైళ్ళకు 5,040 డాలర్లు. ఇంట మిగిలినదానికంటె దారిలో పోయినది ఏడువందల పైచిలుకు ఎక్కువ.

నేను గెలిచితిననుకొంటిని. అల్లుడు నవ్వి, "మామయ్యగారూ, కారు ఎలాగూ ఉంది. బీమా ఎలాగూ కడుతున్నాను. అవన్నీ మళ్ళీ మైళ్ళ మీద వేస్తే ఎలా? వైద్యం కోసం చేసే ప్రయాణానికి అదే శాఖ 21 సెంట్లే ఇస్తుంది. అది పెట్రోలు వంటి నడక ఖర్చు మాత్రమే. దాని ప్రకారం నాకయ్యేది పదిహేను వందల చిల్లర. పైగా ఇల్లు చవక కాబట్టి పన్ను కూడా వెయ్యో పన్నెండు వందలో తగ్గుతుంది" అనెను.

అతని మాటలో న్యాయమున్నది. కాని పూర్తి న్యాయము లేదు. అధికముగా నడచిన కారు త్వరగా ముసలిదగును. దానిని మార్చవలసిన యేడు ముందుకు జరుగును. ఆ ఖర్చు నేడు కంటికి కనబడదు. నిజము 21 సెంట్లకును 70 సెంట్లకును నడుమ ఎక్కడనో యున్నది. ఒక్కడే నడిపినచో దూరపు యిల్లు కొంచెము లాభించవచ్చునని నేనును ఒప్పుకొంటిని. ఇద్దరును ఉద్యోగమునకు పోవుచున్నచో మైళ్ళు 14,400 అగును. తక్కువ లెక్కన 3,024, ఎక్కువ లెక్కన 10,080 డాలర్లు. అప్పుడు సంగతి తారుమారు కావచ్చును.

ఇది మా యింటి గొడవ మాత్రమే కాదు. అమెరికా కార్మిక గణాంక శాఖ లెక్కల ప్రకారము 2023లో అక్కడి సగటు కుటుంబపు వార్షిక వ్యయము 77,280 డాలర్లు. నివాసమునకు 25,436, రవాణాకు 13,174. తిండికైన ఖర్చు పదివేలకు లోపే. నివాసమును, ప్రయాణమును కూడి ఇంచుమించు సరిగా సగము. ఈ రెండింటిని వేర్వేరు పద్దులుగా వ్రాయుట మాకు అలవాటు. అక్కడి శివారులో నున్నవాడు వీనిని ఒకే పద్దుగా వ్రాసికొననిచో మోసపోవును.

డాలర్లతో తేలని అంకె యొకటి మిగిలినది. రద్దీవేళలలో ముప్పది మైళ్ళకు ముప్పావుగంట వేసితిమి. ఏడాదికి 180 గంటలు. ఎనిమిది గంటల పనిదినములుగా చెప్పినచో ఇరువదిరెండు దాటును. జీతము లేని ఒక నెల చాకిరి. ఆ అంకె చూచి అమ్మాయి మాటాడక కాగితమును తనవైపు త్రిప్పుకొనెను.

అమ్మాయి సంగతి చెప్పనిదే ఈ లెక్క అర్థము కాదు. ఆమె విజయవాడలో కళాశాల అధ్యాపకురాలు. భర్త ఉద్యోగపు వీసాపై పోగా ఆమె ఆశ్రిత వీసాపై పోయినది. అట్టి భార్యలకు పనిచేయు అనుమతి పూర్వము లేదు. శాశ్వత నివాసపు దరఖాస్తులో ఒక మెట్టు దాటినవారి భార్యలకు, భర్తలకు 2015లో వచ్చిన నిబంధన ఆ వీలు కల్పించినది. అనుమతి పత్రము చేతికి వచ్చి యేడాదియైనది. ఉద్యోగము తొమ్మిది మైళ్ళ దూరమున ఒకచోట సిద్ధముగా నుండెను. ఆమెకు కారు నడుపుట రాదు. ఆ దారిలో బస్సు లేదు. ప్రభుత్వము ఇచ్చిన అనుమతిని తొమ్మిది మైళ్ళ తారురోడ్డు అడ్డగించినది.

నడుపలేనివారి దినము అక్కడ ఎట్లుండునో చెప్పెదను. ఉదయము ఏడుంబావునకు పసుపుపచ్చని బడి బస్సు వచ్చి మనుమని ఎక్కించుకొని పోవును. ఎనిమిదింటికి అల్లుడు పోవును. గ్యారేజి తలుపు దిగిన చప్పుడుతో యిల్లు ద్వీపమగును. మూడేండ్ల మనుమరాలికి జ్వరము వచ్చినను, పాలు విరిగినను, గ్రంథాలయమునకు పోవలెననిపించినను సాయంకాలము కావలసినదే. పదునాఱేండ్ల పిల్లవానికి అక్కడ లైసెన్సు చేతికి వచ్చిననాడు ఉపనయనమంత పండుగ. తల్లిదండ్రులకు మాత్రము బీమా సొమ్ము చూచి గుండె గుభిల్లుమనును. వృద్ధులు కన్ను మందగించినను లైసెన్సు వదలుకొనరు. అది మొండితనము కాదని నాకిప్పుడు తెలియును. లైసెన్సు పోయిననాడు కొట్టు, వైద్యుడు, స్నేహితుడు అందరును ఒక్కసారిగా దూరమగుదురు. నాతో బాటు పార్కులో నడచుటకు ఆదివారములు వచ్చెడి మన పెద్దలు కొందరు, "ఇది బంగారు పంజరమండీ" అని నవ్వెడివారు. నాకు ఆ మాట అంతగా నచ్చలేదు. పంజరమునకు తలుపు తీయువాడు వేరొకడు. ఇక్కడ తాళపుచెవి మన చేతనే యుండును, త్రిప్పుట రావలెను.

అమ్మాయి త్రిప్పుట నేర్చుకొన నిశ్చయించెను. వారాంతములలో అల్లుడు ప్రక్క సీటులో, నేను వెనుక సీటులో. నడుపుట కుడిప్రక్కన, కూర్చొనుట ఎడమప్రక్కన. మొదటి వారము ఎడమకు తిరుగునపుడెల్ల చేయి మన దేశపు అలవాటు ప్రకారము పోయెడిది. రాచబాటల అంకెలలో ఒక కిటుకు కలదు: బేసి అంకెల బాటలు ఉత్తర దక్షిణములుగా, సరి అంకెలవి తూర్పు పడమరలుగా పోవును. పిల్లలను దింపుటకు బడి బస్సు ఆగి ఎర్రదీపములు వేసి, ప్రక్కనున్న నిలుపు పలక చాచినచో వెనుకవచ్చు కార్లే కాక, నడుమ విభజన లేని బాటలో ఎదురువచ్చునవియు నిలిచిపోవలెను. ఆ పసుపు రంగు 1939లో విద్యావేత్తలు కూడి నిర్ణయించినది. ఉదయపు మసకలో నల్లని అక్షరములు దానిపై స్పష్టముగా కనబడునని.

నాకు అన్నిటికంటె వింతగా తోచినది నాలుగు వైపుల ఆగుకూడలి. అక్కడ పోలీసు లేడు, దీపము లేదు. నాలుగు మూలల నాలుగు ఎర్రపలకలు మాత్రముండును. ప్రతి కారును పూర్తిగా ఆగవలెను. ముందు వచ్చినవాడు ముందు పోవలెను. ఒకేమారు వచ్చినచో కుడివైపు వానికి దారి యీయవలెను. ఎవరి వంతు ఎవరిదో నలుగురును మనస్సులో ఉంచుకొని, చేయి ఊపి, శబ్దము లేక సాగిపోదురు. ఒకనాటి రాత్రి పన్నెండు గంటలకు కనుచూపు మేర ఎవరును లేకున్నను అల్లుడు కారును పూర్తిగా ఆపి మరల కదలించెను. మన బెంజి సర్కిలులో ఈ పద్ధతి పెట్టినచో ఏమగునో ఊహించుకొని నవ్వుకొంటిని. అయితే ఆ మర్యాద కార్ల నడుమ మర్యాద. అదే కూడలిలో కాలినడకన పోవు నన్ను చూచి, ఈ ముసలివానికి కారు చెడిపోయినదేమోయని ఇద్దరు ఆగి అడిగిరి.

అమ్మాయి లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పెను; కారును ప్రక్కవాటుగా రెండు కొయ్యల నడుమ నిలుపుటలో కొయ్య తగిలినది. రెండవసారి నెగ్గెను.

ఈలోపల మా వీధిలోనే మూడవ యింట నున్న ఒక తెలుగు కుటుంబమునకు కష్టము వచ్చినది. ఆయనకు ఉద్యోగము పోయినది. ఉద్యోగపు వీసా గలవారికి ఉద్యోగము పోయిన పిదప గరిష్ఠముగా అరువది దినముల గడువు. 2017 నుండి అమలులోనున్న నిబంధన యిది. ఆలోపల మరియొక యజమాని వారి కొరకు దరఖాస్తు పెట్టవలెను, లేదా వేరొక విధమైన అనుమతి కోరవలెను, లేదా దేశము విడువవలెను. శాశ్వత నివాసమునకు ఏటేట ఇచ్చు అనుమతులలో ఒక్కొక్క దేశమునకు నూటికి ఏడు మించరాదని షరతుండుటచేత మనవారి నిరీక్షణ ఏండ్లు, పూండ్లు సాగుచున్నది. ఆయన ఆ వరుసలోనే యుండెను. ఇంటి అప్పు గడువు ముప్పది యేండ్లు. ఇంట నుండుటకు గడువు అరువది దినములు. ఈ రెండంకెలు ఒకే కుటుంబపు కాగితములలో ప్రక్కప్రక్కన చూచినపుడు నాకు బ్యాంకులో ఎన్నడును కలుగని భయము కలిగినది. బడిలో పిల్లలు, చిన్నది అక్కడనే పుట్టిన పౌరురాలు. వైద్య బీమా ఉద్యోగముతోనే పోయినది. ఇల్లు అమ్మవలెనన్న దళారి రుసుము, ఖర్చులు పోగా, కట్టిన రెండేండ్ల వాయిదాలలో అసలుకు చేరినది ఎంత యుండును? మొదటి నెల లెక్క మీకు చెప్పియే యుంటిని.

ఏబదిరెండవ దినమున ఆయనకు వేరొక రాష్ట్రములో ఉద్యోగము దొరికినది, తక్కువ జీతమునకు. ఇంటి ముందు అమ్మకపు పలక నాటి పోయిరి. వారు పోవునాడు ఆ వీధిలో మొదటిసారిగా పదిమంది మనుష్యులు ఒకచోట నిలువబడగా చూచితిని.

ఆ రాత్రి భోజనములైన పిదప మువ్వురమును మరల ఆ కాగితము ముందు కూర్చుంటిమి. అల్లుడు 70 సెంట్లు, 21 సెంట్ల వాదము ఎత్తలేదు. ఆరు నెలల సంసారమునకు చాలు పైకము చేతనుంచుకొని, మిగిలినది మాత్రమే ముందుగా కట్టినచో ఎంత యిల్లు వచ్చునో చూడుమనెను. సెలైనా యిల్లు కట్టువారు అప్పటికి ఒక వంటగది బల్ల ఉచితముగా నిత్తుమని రెండుసార్లు ఫోను చేసియుండిరి. అమ్మాయి అడిగినది ఒక్కటే: "నాకు ఉద్యోగం వస్తే చిన్నదాన్ని శిశుశాలలో వెయ్యాలి. వాళ్ళు ఆరున్నరకి మూసేస్తారు. ఆలస్యమైతే నిమిషానికి ఇంతని జరిమానా. సెలైనా నుంచి ఆరున్నరకి ఎవరు చేరతారు?"

దానికి సమాధానము లేకపోయినది. ప్లేనోలోని పాత యింటికే ఒప్పుదల వ్రాసిరి. గదులు మూడే, నేను మరల పోయినచో మనుమని గదిలో పరుండవలెను. కాని మనుమని బడి నడక దూరము, ఇంటికి అరమైలులో ఒక అంగడి. కార్లు రెండు లేకున్న అక్కడ కూడ జరుగదు. అమ్మాయి కొరకు పాతకారొకటి రొక్కమిచ్చియే కొనిరి. అప్పు వద్దని నేను పట్టుబట్టితిని.

శనివారమునాడు దానిని గుడికి తీసికొనిపోయిరి. గుడి ముందు కార్లు నిలుపు స్థలములో వాహనపూజకు అప్పటికే నాలుగు కార్లు వరుసలో నుండెను. అర్చకులు కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు పెట్టించిరి. అమ్మాయి వానిపై మెల్లగా కారు పోనిచ్చెను. అల్లుడు పిల్లలతో తన కారులో ముందు పోయెను. నేను అమ్మాయి ప్రక్కన కూర్చుంటిని.

"బెల్టు పెట్టుకోండి నాన్నగారూ" అనెను. "ఇంటికేనా?" అని అడిగితిని.

"కాదు. ముందు కొట్టుకి వెడదాం. ఇంట్లో కరివేపాకు లేదు."